నల్లగుట్లపల్లె కాడ ఆగే బండి

మా ఇంట్లో నాకంటే పాత చెడ్డపేరు ఒకటుంది. అది మా నాయన రాజ్‌దూత్‌ది.

తొంభై ఒకటిలో కొన్నాడు దాన్ని. ఆళ్లగడ్డకు తొమ్మిది కిలోమీటర్ల అవతల నల్లగుట్లపల్లె బడికి టీచరుగా వేశారు. ఊరికి ఈ చివర పెద్దవీధి, ఆ చివర మా వాళ్ల పేట. బడీ చర్చీ పేటలోనే. పెద్దవీధి దాటితే గానీ పేటలోకి దారి లేదు. ఆళ్లగడ్డ నుంచి తొమ్మిది కిలోమీటర్లూ ఆ బండి బుద్ధిగా వచ్చేది. సరిగ్గా పెద్దవీధి మొదట్లో ఆగిపోయేది. నాయన దిగి, వీధి పొడుగునా తోసుకుంటూ పోయి, పేట కాడ కిక్ కొడితే ఏమీ ఎరగనట్టు లేచేది. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. పన్నెండేళ్లు.

"దానికి ఆ ఈదిలో ఊపిరాడదు రా" అనేవాడు నాయన. నేను అన్నం తినకపోతే ఈ కథ, జ్వరమొస్తే ఈ కథ. మిగతా పిల్లలకు దయ్యాలుంటే నాకు రాజ్‌దూత్ ఉండేది. నాయనకు నంద్యాల బదిలీ అయ్యాక దాన్ని ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టారు. దాని మీద ఇరవై ఏళ్లలో మా అమ్మ ఎన్ని పాత దుప్పట్లు వేసిందంటే, తీసేటప్పుడు మధ్యలో నా ఊయల కూడా దొరికింది.

పోయిన ఎండాకాలం నాయన రిటైరయ్యాడు. నా బీటెక్ అయిపోయి రెండేళ్లయినా నేను మాత్రం ఇంకా ఎక్కడా మొదలు కాలేదు. నల్లగుట్లపల్లె పాత విద్యార్థులు ఫోన్ చేశారు: జూన్ రెండో ఆదివారం పేట చర్చిలో సారుకు సన్మానం. నాకు వెంటనే గొప్ప ఆలోచన వచ్చింది. రాజ్‌దూత్ బాగు చేయాలి. నాయన్ను దాని మీదే తీసుకుపోవాలి. అది ఆ చోటే ఆగాలి. నేను వీడియో తీయాలి.

దీనికి మాబూసాను పట్టుకొచ్చాను. డెబ్భై దాటిన మేస్త్రి. కొడుకు షాపులో కరెంటు స్కూటర్లు పెట్టినప్పటి నుంచి ముసలాయనకు అలక. "చార్జింగు పెట్టేదానికి మేస్త్రి ఎందుకప్పా, ప్లగ్గు సాలు" అని మా షెడ్డుకొచ్చి చెక్కపీట మీద కూర్చున్నాడు. ఆయన చెప్పేవాడు, నేను విప్పేవాణ్ణి. ఏప్రిల్‌లో ఆ రేకుల కింద స్పానరు ఒకసారి నేల మీద పెడితే మళ్లీ తీయడానికి పట్టకారు కావాలి. మాబూసా టీ తెప్పించుకుని, ఒక పది నిమిషాలు పక్కన పెట్టి, ఇంకొంచెం వేడెక్కాక తాగేవాడు.

ట్యాంకులో గుప్పెడు నట్లు వేసి, డీజిల్ పోసి, తుప్పు రాలేదాకా రెండు రోజులు ఊపాను. ఆ రెండు రోజులు మా వీధిలో ఎవరూ నిద్రపోలేదని పక్కింటివాళ్లు అబద్ధం చెప్పారు. పగలు కూడా పోలేదు. కార్బొరేటరు కడిగాను. స్పోకులు ఒక్కొక్కటీ తోమాను. మే మొదటి వారంలో ఇంజన్ విప్పాం.

మాబూసా పిస్టన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కిక్ షాఫ్ట్ తీసి, దాని పళ్ల మీద బొటనవేలు రుద్దాడు. పళ్లు లేవు. గోలీ మాదిరి నున్నగా ఉంది.

"ఏమప్పా ఇది? గుండె పిల్లోనిది, మోకాలు ముసలోనిది. ఇంత మంచి ఇంజన్‌కు ఇన్ని కిక్కులెందుకు కొట్టినాడు మీ నాయన?"

"ఊరికే ఆగిపోయేదంట తాతా."

"ఇది ఆగే ఇంజన్ కాదబ్బా." ట్యాంకు ఎడమ పక్కకు తిప్పి చూపించాడు. నడుము ఎత్తున ఒక చోట పెయింటు అరిగి రేకు తేలింది. "ఇది కూసున్నోని మోకాలు గాదు. తోసినోని తొడ. ఈ బండి ఉరికింది తక్కువ, నడ్చింది ఎక్కువ."

నాకు నవ్వు ఆగలేదు. ఆ రోజే రీల్ చేశాను. చేతిలో అరిగిన షాఫ్ట్, వెనక తప్పెట్ల మోత, పైన పెద్ద అక్షరాలతో 'నంద్యాల జిల్లా కిక్కు వీరుడు రూబెన్ సారు: జీవితకాలంలో నాలుగు కోట్ల కిక్కులు, బండి నడిపినది మూడు సార్లు.' మా చర్చి యువకుల గ్రూపులో పెట్టాను. డోన్‌లో ఉన్న మా మేనత్త దాకా పోయింది.

నాయన అన్నం ముందు కూర్చుని ఫోన్‌లో అది రెండుసార్లు చూశాడు. "బాగుంది" అన్నాడు. ఫోన్ నాకిచ్చి, చేయి కడుక్కున్నాడు. కంచంలో అన్నం అట్లే ఉంది.

నాయన బయటికి పోయాక అమ్మ వంటింట్లో ఊరగాయకు మామిడికాయలు కొడుతోంది. మా అమ్మ అరుణకుమారి ప్రభుత్వాసుపత్రి నర్సు. ఎప్పుడూ చిన్న ముక్కలు కొట్టే మనిషి ఆ రోజు కాయను రెండే దెబ్బల్లో తేల్చేస్తోంది.

"నవ్వుతాండారా అందరూ?" అంది.

"నూటా నలభై మంది, మా."

"నేను గూడా నవ్వినాలే. నెల దినాలు." కత్తి ఆపలేదు. "పెండ్లయిన మూడో దినం మీ నాయన బడి పిల్లోళ్లకు చూపిస్తానని ఈ బండి మీద పిల్చకపాయ. పెండ్లి చీరె. ఏప్రిల్ ఎండ. ఈది మొదట్లో ఆగింది. దిగినా. ఆయన తోస్తాంటే ఎనక నడిచినా. కాళ్లు కాల్తాండాయి, నేను నవ్వుకుంటాండా. ఏం బండి కొన్నావయ్యా సామీ అని."

"తర్వాత?"

"మల్లొక దినం ఆ ఊరికే పోతే బోరింగు కాడ పెద్దీది ముసలామె నన్ను మెచ్చుకున్నె. 'మీ సారు మర్యాద తెలిసినోడు తల్లీ. మొదటి దినం ఒక్క మాట చెప్తిమి. మల్ల ఎప్పుడూ మా ఈదిలో బండెక్కలే' అని." కాయ రెండు ముక్కలైంది. ఒక ముక్క ఎగిరి గ్యాసుబండ కింద పడింది. "ఆ బండికి ఏ రోగమూ లేదు రా. తాళం తిప్పి ఆయనే ఆపేవోడు."

నేను ఆ ముక్క తీయడానికి వంగాను. లేవడానికి కొంచెం టైం పట్టింది.

నాకు అంతకు ముందు కోపమంటే పెద్దగా పరిచయం లేదు. ఎవరైనా తిడితే దాన్ని ఎట్లా జోకు చేయాలా అని చూసేవాణ్ణి. ఆ మధ్యాహ్నం షెడ్డులోకి పోయి చూస్తే చేతికి ఏది దొరికితే అది విసరాలనిపించింది. అయితే దొరికినవన్నీ నేను నెల రోజులుగా తోమినవే.

నాయన లోపలికి వచ్చి చెక్కపీట మీద కూర్చున్నాడు.

"మీ అమ్మ చెప్పిందా?"

"ఏమన్నారు నాయనా నిన్ను? మొదటి దినం?"

"ఏం తిట్టలే. ఓబుళయ్యని ఈది మొదటి ఇల్లు. మర్యాదగానే అన్నాడు. 'సారూ, మీ బండి సప్పుడుకు మా ఎనుము పాలిస్తలేదు. ఈది దాటేదాకా రొంత తోసుకొని పోరాదా' అని."

"ఎనుమా?"

"ఎనుము."

"వాళ్లింట్లో బండ్లు లేవా?"

"కొడుక్కు బుల్లెట్టు ఉన్నె."

"ఆ సప్పుడుకు ఎనుము రెండింతలిచ్చేదేమో."

నాయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"పన్నెండేండ్లు బతికిందా నాయనా ఆ ఎనుము?"

"రెండేండ్లకే అమ్మేసినారు."

"మరి?"

"మరేముంది? అలవాటైపాయ."

"ఎవురికి?"

నాయన నేల మీద పడున్న వాషర్ ఒకటి తీసి, ఊది, డబ్బాలో వేశాడు. "ఆ పొద్దు నేను ఎగిరినాననుకో. పేటోళ్లంతా వాళ్ల సేండ్లలోకే కూలికి పోయేది. నా ఒక్కని బండి కోసరం అంతమంది కడుపు కొట్టేదా?"

"సరే, వాళ్లకు బయపడినావ్. నాకెందుకు అబద్దం చెప్పినావ్? ఇరవై ఏండ్లు! బండి చెడ్డది, బండి చెడ్డది అని! ఊరంతా నవ్వేటట్ల చేస్తివి కద నా చేత!"

"ఆ గేరుబాక్సు మూత రొంత బిగించు. దుమ్ము పోతాది" అని లేచాడు.

"ఆ ఆదివారం పెద్దీదిలోనే పోదాం" అన్నాను వెనక నుంచి. "ఇంజన్ మీద."

"బైపాస్ పడింది కదప్పా. పేటకు సక్కగా పోతాది. ఆ ఈదితో మనకేం పని?"

"నాకుండాది పని."

"నీకేం పనుండాది రా?" మొదటిసారి గొంతు పెంచాడు. "తోసింది నువ్వా? నిన్న నవ్వినోనివి, ఈ పొద్దు కోపమొచ్చెనా? నీ కోపానికన్నా నాది ముప్పై నాలుగేండ్లు పెద్దది. పో!"

రీల్ తీసేశాను. తీసేసినా గ్రూపులో మూడు రోజులు 'కిక్కు వీరునికి వందనాలు' అని వస్తూనే ఉంది. అందులో ఒకణ్ణి సంజీవనగర్ గేటు దగ్గర ఆపి తన్నబోయాను. వాడికి ఎందుకో తెలియదు. నేను చెప్పలేదు. చెప్పాలంటే నాయన ఎందుకు దిగి తోసేవాడో చెప్పాలి.

మూడు వారాలు నేనూ నాయనా మాట్లాడుకోలేదు. చారు కావాలంటే ఆయన అమ్మకు చెప్పేవాడు, అమ్మ నాకు చెప్పేది, గిన్నె మాత్రం నా చేతి పక్కనే ఉండేది. మాబూసాతో సైలెన్సరు లోపలి గొట్టం పీకేయమన్నాను. నందికొట్కూరులో మనిషి ఉలిక్కిపడి లేవాలన్నాను.

"సప్పుడు నీకు గావాల్నా, బండికి గావాల్నా?" అన్నాడు ముసలాయన. "సన్నాయి మాదిరి గొంతుండే బండికి తప్పెట కడ్తావా? నేను సెయ్యను పో." కొత్త కిక్ షాఫ్ట్ ఆయనే ఎవరి పాత ఇనుములోనో వెతికి తెచ్చాడు. మే ఆఖరున బండి ఒక్క కిక్కుకు లేచింది. తెల్లటి పొగ షెడ్డు నిండా. మాబూసా ఆ పొగలో కళ్లు మూసుకుని కూర్చుని, "అత్తరు" అన్నాడు. నాయన కిటికీలోంచి చూశాడు. అరిగిన చోట పెయింటు వేయించలేదు నేను. అది మాత్రం నాకు చేతకాలేదు.

తర్వాత రోజు నాయనే మాట్లాడాడు. "బండి మీదనే వస్తా. నేనే నడుపుతా. బైపాస్‌లో."

"సరే" అన్నాను. అని, మేడ మీదికెక్కి ఫిలిప్‌కు ఫోన్ కొట్టాను. సన్మానం చేస్తున్నవాళ్లలో పెద్ద అతను. ఆళ్లగడ్డ బ్యాంకులో పని. "అన్నా, మీరంతా పెద్దీది మొదట్లోనే నిలబడండి. అడ్డరోడ్డు కాడికి కనపడేటట్ల. తప్పెట్లు గూడ తీస్కరాండి. సారు మిమ్మల్ని చూస్తే బైపాస్‌కు తిప్పడు."

"మేం అనుకున్నదీ అదేనప్పా!" అన్నాడు ఫిలిప్ సంతోషంగా. "సారుకు చెప్పొద్దు. ఆడ మేమొకటి పెట్టుకున్నాం."

ఏం పెట్టుకున్నారో నేను అడగలేదు. ఎదుటివాడి ప్లానుకన్నా నా ప్లాను మీదే నాకెప్పుడూ నమ్మకం.

ఆ ఆదివారం అమ్మ కారులో ముందే పోయింది, బైపాస్ మీదుగా. నేను నాయన వెనక కూర్చున్నాను. శిరివెళ్ల దాటాం. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క శిల్పుల ఉలుల చప్పుడు వినపడింది, అంటే మా బండి మరీ అంత మోత కాదు. దాదాపు యాభై కిలోమీటర్లలో అది ఒక్కసారి కూడా దగ్గలేదు. అడ్డరోడ్డు దగ్గర నాయన బైపాస్ వైపు తిప్పబోయి ఆగాడు. అవతల వీధి మొదట్లో తెల్లచొక్కాల్లో పంతొమ్మిది మంది, ఇద్దరు తప్పెట్లవాళ్లు, చేతులు ఊపుతున్నారు.

"నువ్వే కద పిల్సింది?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"ఊఁ."

నాయన పాత రోడ్డుకే పోనిచ్చాడు. నేను ఆయన భుజం మీదుగా వీధిని చూస్తున్నాను. మామూలు వీధి. సిమెంటు రోడ్డు, సగం ఇళ్లకు తాళాలు, ఒక కుక్క. దీనికోసమా అనుకున్నాను. వీధి మొదటి ఇంటి ముందుకి రాగానే నాయన చెయ్యి ముందుకు పోయింది. తాళం తిప్పింది. ఇంజన్ ఆగింది.

ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడ్డం రాలేదు. నాయన తన చేతిని తానే చూసుకుంటున్నాడు.

అంతలో పంతొమ్మిది మందీ ఒక్కసారిగా కేకేశారు.

"ఆగింది! ఆగింది రా! ఆడనే ఆగింది!"

ఈలలు. తప్పెట్లు. ముప్పై, నలభై ఏళ్ల మగవాళ్లు బడి పిల్లల్లాగా ఉరికొచ్చి బండి చుట్టూ ముసిరారు.

"సార్, దిగొద్దు! మీరు కూసోండి! ఈ పొద్దు మేమే తోసేది!"

"రేయ్, ఎనక లైటు కాడ నాది! ఎప్పుడూ నాదే!"

"నీదెప్పుడు రా? నువ్వు స్టాండు కాడ!"

ఫిలిప్ హ్యాండిల్ పట్టుకుని నా వైపు చూసి నవ్వాడు. "మీకు తెల్వదు తమ్ముడూ. దినామూ పొద్దున్నే ఈడ నిలబడేవోళ్లం. సార్ బండి ఎప్పుడొస్తాది, ఎప్పుడాగుతాది అని. తోసేదానికి కొట్లాడుకునేవోళ్లం. నా జీవితంలో అంత సంతోషం మల్ల లేదప్పా. అందుకే ఈ పొద్దు సారును ఇట్లనే మెరవణి తీస్కపోదామని."

వాళ్లకు తెలియదు. ఒక్కడికి కూడా. నాకు చెప్పిన కథే వాళ్లకూ చెప్పాడు. నోరు తెరిచాను. ఆ వీధినీ, ఆ పంతొమ్మిది మందినీ, మా నాయన్నీ కలిపి ఒకే మాటతో తిట్టాలని వెతుక్కుంటున్నాను.

అరుగు మీద నుంచి ఎవరో దగ్గారు. బక్కపలచని ముసలాయన, బనీను, చేతికర్ర. నవ్వుతున్నాడు. మనసారా నవ్వుతున్నాడు, పాత స్నేహితుణ్ణి చూసినట్టు.

"ఏం సారూ, బాగుండావా? నీ బండి ఇంగా బాగు కాకపాయనే!"

అంటే ఈయనే ఓబుళయ్య. ఈయన కూడా ఆ కథే నమ్ముతున్నాడు. లేకపోతే మర్చిపోయాడు. ఏది ఎక్కువ కోపం తెప్పించిందో నేను ఇప్పటికీ చెప్పలేను.

నాయన ఆయన వైపు చూశాడు. తర్వాత బండి మీదున్న చేతుల్ని చూశాడు.

"బండికి ఏం కాలేదు ఓబుళయ్యా" అన్నాడు. బళ్లో హాజరు వేసేటప్పటి గొంతు. "దానికి ఎప్పుడూ ఏం కాలే."

తప్పెట్లు ఆగాయి. ఓబుళయ్య నవ్వు అట్లాగే ఉంది గానీ అందులో మనిషి లేడు. వెనక లైటు మీది చెయ్యి ముందు లేచింది. తర్వాత స్టాండు దగ్గరిది. ఒక్కొక్కటీ లేచాయి. ఫిలిప్ మాత్రం హ్యాండిల్ వదల్లేదు.

"మరి మేం... దినామూ తోస్తిమి కద సార్" అన్నాడు. మొహం ఎర్రగా అయింది. "పోటీ పడి తోస్తిమి. మాతో తోయిస్తివి కద సార్!"

"తోయించినా."

"ఒక్కసారన్నా చెప్పకపోతివే!"

"చెప్తే?" అన్నాడు నాయన. "చెప్తే ఈడికొస్తానే దిగేది మీరు గూడ నేర్చుకుంటారు. బండి చెడిపోయిందనుకుంటే, బండి బాగుంటే ఎక్కి పోవచ్చని అనుకుంటారు గదా."

ఫిలిప్ హ్యాండిల్ వదిలేసి పక్కకు తిరిగాడు. అతనికి నాయన మీద కోపం పోలేదు. నాకు కనపడుతూనే ఉంది. పోవాలని కూడా నాయన అడగలేదు.

"దిగు" అన్నాడు నాతో.

దిగాను.

కిక్ కొట్టాడు. లేచింది. "ఫిలిప్, ఎక్కు."

"వద్దులే సార్."

"ఎక్కు రా."

ఆ గొంతుకు బ్యాంకు ఉద్యోగి కూడా మూడో తరగతి పిల్లవాడే. ఎక్కాడు. బండి మొదటి గేరులో, మనిషి నడకకన్నా ఒక్క రవ్వ ఎక్కువ వేగంతో, పెద్దవీధిలోకి పోయింది. హ్యాండిల్ కొంచెం అటూ ఇటూ ఊగింది. చివరిదాకా పోయి పేట మలుపు దగ్గర ఫిలిప్‌ను దించాడు. ఇక చర్చికి పోతాడనుకున్నాం. బండి వెనక్కి తిప్పుకుని మళ్లీ వీధి నిండా చప్పుడు చేసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"నరసింహులు. ఎక్కు."

అట్లా ఒక్కొక్కణ్ణి. పేరు పెట్టి, హాజరు పట్టీ వరసలో. వెనక లైటువాణ్ణి, స్టాండువాణ్ణి. ఒకడు నూటా పది కిలోలు, వాడికీ మినహాయింపు లేదు. చర్చి నుంచి ఏలీయా పాస్టరు గారు రెండుసార్లు మనిషిని పంపారు, ప్రార్థనకు టైమయిందని. "దేవున్ని రొంత సేపు కూసోమను" అన్నాడు నాయన, ఎన్నడూ ఒక్క ఆరాధన తప్పని మనిషి. మూడో రౌండుకు ఓబుళయ్య లేచి లోపలికి పోయాడు. తలుపు వేసుకున్నాడో, మజ్జిగకు పోయాడో తెలియదు. తలుపు వేసుకున్నాడనే నేను అనుకుంటాను. ఎనిమిదో రౌండుకు అదే ఇంట్లోంచి నిక్కరు వేసుకున్న కుర్రాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"అన్నా, సూపర్ బండి! ఏ మోడలు?"

వాణ్ణి కొట్టడానికి కారణం కోసం చాలా వెతికాను. వాడు నవ్వుతున్నాడు, వాడికి నిజంగా బండి నచ్చింది.

"తొంభై ఒకటి" అన్నాను. "వీడియో తీసుకో. మొత్తం తీసుకో. మీ తాతకు చూపియ్యి."

పన్నెండున్నరకు పంతొమ్మిదో మనిషిని దించి వచ్చాడు నాయన. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. జుట్టు నిండా పొగ. కాళ్లు నేలకు ఆనించి వీధి చివరిదాకా చూశాడు.

"ఇంగెవురన్నా ఉండారా?"

నేను ఒక్కణ్ణే ఉన్నాను. రెండు నెలలు ఆ వెనక సీటు కోసమే తోమాను ఆ బండిని. నోటిదాకా వచ్చింది.

"ఎవురూ లేరు నాయనా."

"సరే" అన్నాడు. "అయితే నేనొకసారి పోయొస్తా."

బండి తిప్పాడు. ఓబుళయ్య ఇంటి ముందుకి పోయేసరికి రెండో గేరు వేశాడు.